'స్టిల్' అను మాట - దాని అర్థములు, ప్రయోగములు

ఇంగ్లీషున 'స్టిల్' అనునది మిక్కిలి చిన్న మాట. కాలిఫోర్నియాలో పెరుగుచున్న మన పిల్లలు దీనిని దినమునకు పదిమార్లు పలుకుదురు. తెలుగున చెప్పుమన్నచో మాత్రము తడబడుదురు. ఇంట తెలుగు వాడు పెద్దలు దీనిని ఇంగ్లీషున వాడబోయి తడబడుదురు. కారణమొక్కటే. మన 'ఇంకా' అను ఒక్క మాట చేయు పనిని ఇంగ్లీషున పలు మాటలు పంచుకొన్నవి.

మూలార్థము

'స్టిల్' అనగా మొదట కదలనిది అని అర్థము. సినిమావారు కదలని బొమ్మను 'స్టిల్' అనుట మనమెరిగినదే. కదలనిది ఉన్నచోటనే యుండును గదా! అందుండి 'ఇప్పటికిని అట్లే' అను అర్థము పుట్టినది.

ప్రయోగములు

1. కొనసాగుట: 'గ్రాండ్‌మా స్టిల్ కుక్స్' - అవ్వ ఇంకా వంట చేయుచున్నది.

2. అయినప్పటికిని: 'ఇట్ రెయిన్డ్, స్టిల్, దే కేమ్' - వాన కురిసెను, అయినను వారు వచ్చిరి. ఇచట 'ఇంకా' అనరాదు.

3. మరింత: 'స్టిల్ బెటర్' - ఇంకా మేలు.

స్టిల్, యెట్, ఎనీమోర్

'అతడు ఇంకా రాలేదు' అనుటకు 'హి హాజ్ నాట్ కమ్ యెట్' అందురు. ఇందు రాగలడను ఎదురుచూపు కలదు. 'హి స్టిల్ హాజ్ నాట్ కమ్' అన్నచో విసుగో కలతయో ధ్వనించును. 'అతడు ఇక వచ్చుట లేదు' అనుటకు 'హి డజ్ నాట్ కమ్ ఎనీమోర్' అనవలెను. 'ఇంకా', 'ఇక' అను మాటల నడుమ అక్షరభేదము స్వల్పము, అర్థభేదము అపారము.

జాతీయగీతమున ఒక చిక్కు

1814 సెప్టెంబరులో బ్రిటిషు నావలు బాల్టిమోరునందలి మెక్‌హెన్రీ కోటపై సుమారు 25 గంటలు గుండ్లు కురిపించినవి. ఫ్రాన్సిస్ స్కాట్ కీ అను న్యాయవాది ఓడపై నుండి చూచుచుండెను. తెల్లవారినప్పుడు కోటపై జెండా ఎగురుచుండుట కని, గీతము రచించెను. అది 1931లో అమెరికా జాతీయగీతమైనది. దాని మొదటి చరణమున జెండా నిలిచియున్నదని చెప్పుటకు 'స్టిల్' అనియు, అది ఎగురుచున్నదా యని అడుగుటకు 'యెట్' అనియు వాడెను. నేటి వాడుకనుబట్టి చూచు బాలుడు, జెండా ఎగురుట మొదలైనదా యని అడుగుచున్నారనుకొనవచ్చును. అది పొరపాటు. పాతవాడుకలో 'యెట్' అనగా 'ఇంకా' అనియే. రాత్రి గడచినది, జెండా నిలిచినదా? ఇదియే ప్రశ్న.

మన యింటి ప్రశ్న

1903 మొదలు 1916 వరకు మదరాసు రేవునుండి గిర్మిట్‌పై ఫిజీ చెరకుతోటలకు పోయినవారిలో మన పెద్దలు కలరు. వారి సంతతివారు పలువురు నేడు హేవర్డ్, మొడెస్టో, శాక్రమెంటోలలో కాపురమున్నారు. 'మీ యింట తెలుగు మాట్లాడుదురా?' యని ఎవరైన అడిగినచో, ఒకే యింట మూడు జవాబులు వినవచ్చును. అవ్వ 'స్టిల్' అనును. బడిలో తెలుగు లేక పెరిగిన తండ్రి 'నాట్ ఎనీమోర్' అనును. గుడి తరగతిలో అ, ఆలు దిద్దుచున్న బిడ్డ ఏమనవలెను? 'నాట్ యెట్' అనవలెను. తండ్రి జవాబు తలుపు మూయును. బిడ్డ జవాబు దానిని తెరచియుంచును. అవ్వ 'ఇంకా' అనగలిగిన దినములలోనే బిడ్డ ఆమె చెంత కూర్చుండి నేర్చుకొనవలెను.

అభ్యాసము: ఈ క్రింది వాక్యములను ఇంగ్లీషున చెప్పుడు.

1. తాత ఇంకా నిద్రించుచున్నాడు.
2. చెల్లెలు ఇంకా భోజనము చేయలేదు.
3. మామ ఇక ఆ యింట ఉండుట లేదు.
4. దారి దూరము, అయినను వెళ్లితిమి.