సొంతంగా కట్టుకున్న కాటా: ఏది స్వేచ్ఛ, ఏది నేరం?

బరువును పసిగట్టే లోడ్‌సెల్ ఇచ్చే మిల్లీవోల్టులను హెచ్‌ఎక్స్711 అనే 24 బిట్ల ఏడీసీ అంకెగా మార్చి, క్లాక్, డేటా అనే రెండు తీగల మీద ప్రాసెసర్‌కు అందిస్తుంది. దీనితో కాటా తయారుచేసుకోవాలనుకునేవారు తరచూ అడిగే ప్రశ్నలివి.

ఈ సీరియల్ పద్ధతి వాడుకోవడానికి ఎవరికైనా ఫీజు కట్టాలా?

అక్కర్లేదు. చిప్ ఎలా మాట్లాడుతుందో డేటాషీట్‌లోనే ఉంది, దాని ప్రకారం ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. ఐ2సీ అనే మరో సీరియల్ పద్ధతిలో మాట్లాడే ఏడీసీ వాడినా అంతే: ఆ పద్ధతిని అమలు చేయడానికి 2006 అక్టోబరు నుంచి లైసెన్సు ఫీజు లేదు. సొంతంగా ఐ2సీ చిప్ తయారుచేస్తూ దానికో చిరునామా కేటాయించమని అడిగేవారే ఎన్‌ఎక్స్‌పీ కంపెనీకి డబ్బు కట్టాలి.

తీగలు కలిపేటప్పుడు తప్పకూడని నియమాలేమిటి?

మొదటిది వోల్టేజీ. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. హెచ్‌ఎక్స్711 డిజిటల్ వైపు 5 వోల్టులిస్తే డేటా తీగ మీదా 5 వోల్టులే వస్తాయి. అందుకే అక్కడ 3.3 వోల్టులే ఇవ్వాలి.

రెండోది సమయం. కొలత సిద్ధమయ్యేదాకా డేటా తీగ హైలో ఉంటుంది, అది లో స్థాయికి దిగాకే క్లాక్ మొదలుపెట్టాలి. 24 పల్సులకు 24 బిట్లు వస్తాయి, పెద్ద బిట్ ముందు. 25వ పల్సు తర్వాతి కొలతకు ఎ ఛానల్‌ను, 128 గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే రెట్లు) ఎంచుతుంది. 26 పల్సులిస్తే బి ఛానల్, 32 గెయిన్. 27 ఇస్తే మళ్లీ ఎ ఛానలే, గెయిన్ మాత్రం 64. క్లాక్ 60 మైక్రోసెకన్లకు మించి హైలో ఉండిపోతే చిప్ నిద్రలోకి జారుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పైలో నడిచే లైనక్స్ మధ్యలో వేరే పని చూసుకోవడానికి వెళ్తే సరిగ్గా ఇదే జరుగుతుంది, తప్పుడు అంకెలొస్తాయి. కాబట్టి చిన్న మైక్రోకంట్రోలర్‌తో చదివించి, ఆ అంకెను పైకి పంపించడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నెట్‌లో దొరికిన లైబ్రరీతో చేసిన కాటాను అమ్మొచ్చా?

ఎమ్ఐటీ లైసెన్సైతే కాపీరైటు నోటీసు, లైసెన్సు పాఠం ఉంచితే చాలు. జీపీఎల్ అయితే కొన్నవారికి సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాలి. అయితే ఇది కోడ్ సంగతి. కాటా అమ్మడానికి వేరే చట్టం ఉంది: 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. అమ్మకానికి తయారుచేసేవారు ముందు మోడల్‌కు ఆమోదం, తయారీకి లైసెన్సు తీసుకోవాలి.

అమ్మను, నా కొట్లోనే వాడుకుంటాను. ఫరవాలేదా?

కుదరదు. ఆ తూకంతో డబ్బు చేతులు మారుతుందంటే కాటాను తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేసి ఉండాలి. ఇరవై నాలుగు బిట్లున్నాయన్న వాదన చెల్లదు. చివరి బిట్లు నాయిస్‌లో కలిసిపోతాయి, వేడికి లోడ్‌సెల్ రీడింగూ కదులుతుంది. ఇంట్లో తేనెపెట్టె బరువో గ్యాస్ సిలిండర్ బరువో చూసుకుంటే ముద్రతో పని లేదు.

ముద్ర ఉన్న కాటాలో ఏడీసీ బోర్డు కాలిపోతే నేనే మార్చుకోవచ్చా?

వ్యాపారానికి వాడే కాటాను లైసెన్సున్న రిపేరర్ చేతే బాగుచేయించాలి. ఆ తర్వాత మళ్లీ పరీక్ష, మళ్లీ ముద్ర. లోపల కాలిబ్రేషన్ అంకె ఒక్కటి మారితే క్వింటా పత్తికి కిలోలు తగ్గించి చూపించవచ్చు, నష్టపోయేది రైతు. మీరు సరుకు అమ్మేవారైతే తూకానికి పెట్టేముందు ముద్ర చూపించమని అడగండి. ముద్ర లేకపోతే మీ జిల్లా తూనికలు, కొలతల అధికారికి ఫిర్యాదు చేయండి.