నొప్పికి విశ్రాంతి ఎంత, పని ఎంత?

జంషెడ్‌పూర్‌కు బదిలీపై వచ్చినవారు మొదటి నెలలోనే ఒక సంగతి గమనిస్తారు. ఇక్కడ ఆట అంటే పిల్లల వ్యవహారం మాత్రమే కాదు. తెల్లవారకముందే జూబిలీ పార్కులో నడిచేవారు, పరుగెత్తేవారు కనిపిస్తారు. 1991లో ప్రారంభమైన జె.ఆర్.డి. టాటా స్పోర్ట్స్ కాంప్లెక్సు, 1996లో మొదలైన టాటా ఆర్చరీ అకాడమీ ఈ ఊరికి ఆటల ఊరన్న పేరు తెచ్చాయి. ఆడేవారున్న చోట నొప్పులూ ఉంటాయి. బిష్టుపూర్ రామమందిరం దగ్గర కలిసే మన తెలుగువారి మాటల్లో మోకాలు, మడమ, భుజం ప్రస్తావన రాని వారం ఉండదు. "ఆపేయాలా, ఆడొచ్చా?" అన్నదే అందరి సందేహం.

మోసే బరువు, మోయగల శక్తి

రుణం ఇచ్చేముందు మనం తిరిగి చెల్లించే సామర్థ్యం చూస్తాం. శరీరం లెక్క కూడా అదే. 18 కిలోల బలంతో లాగే విల్లును పోటీలో 72 సార్లు లాగితే భుజం మీద పడే మొత్తం 1,296 కిలోలు. భుజం అందుకు నెలల తరబడి సిద్ధమై ఉంటే ఇబ్బంది లేదు. సిద్ధం కాకుండానే బాణాల సంఖ్య రెట్టింపు చేస్తే నొప్పి తప్పదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్ కండరమంత త్వరగా బలపడదు. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేస్తే మడమ మొరాయించేది అందుకే.

మొదటి రెండు మూడు రోజులు

1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ దెబ్బ తగిలిన చోటికి విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూత్రాలు చెప్పారు. 2014లో ఆయనే పూర్తి విశ్రాంతి, ఐసు మానడాన్ని ఆలస్యం చేయవచ్చని సవరించుకున్నారు. నొప్పి తగ్గడానికి కాసేపు ఐసు పెట్టుకోవచ్చు. రెండు మూడు రోజులు ఆ భాగాన్ని కాపాడుకుని, తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేర కదిలించాలి. కొత్త వాపు మీద కాపడం, గట్టి మర్దన వద్దు. చీలమండ బెణికినప్పుడు నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక నొక్కితే నొప్పి పుట్టినా ముందు ఎక్స్‌రే తీయించాలి.

వ్యాయామమే అసలు మందు

చాలామంది ఫిజియోథెరపీ అంటే పది రోజులు కరెంటు పెట్టించుకుని రావడం అనుకుంటారు. యంత్రాలు కాసేపు ఉపశమనం ఇస్తాయి. శక్తిని పెంచేది మాత్రం వ్యాయామం. 1998లో స్వీడన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్‌సన్ మడమ టెండన్ నొప్పికి ఒక పద్ధతి ప్రచురించారు: మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించడం. 15 సార్ల చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. ఈనాటికీ దీన్ని వాడుతున్నారు.

మా అమ్మాయి విలువిద్య నేర్చుకుంటోంది. ఎంపిక పోటీలు ఏడు వారాలున్నాయనగా భుజం నొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్టు ఆట మాన్పించలేదు. తేలిక విల్లు ఇచ్చి, రోజుకు 120 బాణాలను 40కి తగ్గించారు. రబ్బరు పట్టీతో భుజపుటెముక చుట్టూ ఉన్న కండరాలకు వ్యాయామాలు నేర్పారు. సున్నా నుంచి పది వరకు నొప్పిని కొలిస్తే మూడు దాటకూడదు, మర్నాటి ఉదయానికి ముందున్న స్థితికి రావాలి, అలా వస్తేనే ఆ వారం బాణాలు పెంచాలి. ఇదే షరతు. ఏడు వారాలు చాలలేదు. ఆ పోటీ పోయింది. "ఇంజెక్షన్ చేయించు నాన్నా, ఆ ఒక్క రోజుకి" అని ఎంత ఏడ్చినా మేం ఒప్పుకోలేదు. పన్నెండో వారానికి తన విల్లు తను లాగగలిగింది. పదిహేనేళ్ల పిల్లకు ఇంకా చాలా పోటీలున్నాయి. భుజాలు మాత్రం రెండే.

పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి లిగమెంటు తెగింది. శస్త్రచికిత్సలు, ఆ తర్వాత ఓపికగా వ్యాయామం. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ విజేత. మధ్యలో ఏడేళ్లు ఉన్నాయి.

మన ఇళ్లలో

మార్చి ముగింపు దాకా కుర్చీలో కూర్చుని, ఏప్రిల్‌లో ఒక్కసారిగా క్రికెట్టు మైదానంలోకి దిగడం మన ఉద్యోగులకు మామూలే. పోటీకి ఆరు వారాల ముందే పిక్కలకు, తొడలకు బలం చేకూర్చుకోండి. నడక, పరుగు కొంచెం కొంచెంగా పెంచండి. నొప్పి వచ్చిన రోజు నుంచి ఏం చేశారో, ఎంత నొప్పి ఉందో చిన్న పుస్తకంలో రాసుకోండి. ఫిజియోథెరపిస్టుకు ఆ రెండు వరుసలు చాలా పనికొస్తాయి. వారికి బి.పి.టి. డిగ్రీ ఉందో లేదో అడగడానికి మొహమాటపడవద్దు.

రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాలో చెయ్యో తిమ్మిరెక్కి పట్టు తప్పడం ఉంటే వ్యాయామం కంటే ముందు డాక్టరును కలవాలి. నడుం నొప్పితోపాటు మూత్రం మీద అదుపు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తక్కిన నొప్పుల్లో చాలావాటికి మంచం పరిష్కారం కాదు. కొలిచి వేసే అడుగే మందు.