మూడో హెచ్చరిక దాకా ఆగకండి

మన గోదావరి జిల్లాల ఇళ్ళలో పుస్తకాల అర అంటూ ఒకటుంటే, అందులో యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ తరచూ కనిపిస్తుంది. ఆయన రాజోలులో పుట్టినవారు. మనాయన రాశారన్న అభిమానం కూడా తోడై, పదో తరగతి పిల్లల చేతిలో ఆ పుస్తకం పెట్టి “చదువు, బాగుపడతావు” అంటాం. మంచిదే. కాకపోతే కోపమొస్తే ఏం చేయాలన్నది మాత్రం పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. ఆ పాఠం మనకు ధవళేశ్వరం దగ్గర దొరుకుతుంది.

వరద రోజుల్లో అక్కడి గోదావరి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే కొంప మునిగిందని కాదు, సర్దుకోవడానికి ఇంకా వ్యవధి ఉందని.

మన ఇళ్ళలో మొదటిదీ ఉండదు, రెండోదీ ఉండదు. కుర్రాడు అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తుంటే వారం రోజులు “పోనీలే” అనుకుంటాం. ఆ తర్వాతెప్పుడో తడి తువ్వాలు మంచం మీద పడేశాడని విరుచుకుపడతాం. ఫోనూ, మార్కులూ, నిరుడు పారేసుకున్న గొడుగూ, మేనమామ పోలికా అన్నీ అందులో కొట్టుకొస్తాయి. తువ్వాలుకి ఇంత గొడవేంటో వాడికి అంతుపట్టదు. అసలు సంగతి ఫోన్ అని వాడికి తెలియను కూడా తెలియదు.

అందుకే నీరు తక్కువగా ఉన్నప్పుడే నోరు విప్పండి. “చిన్నా, పదింటికల్లా ఫోన్ హాల్లో పెట్టాలనుకున్నాం. నిన్నా, ఇవాళా పెట్టలేదు” అని మామూలు గొంతుతో చెప్పండి. ఇది మొదటిది. మారకపోతే, జరగబోయేది ముందే చెప్పండి: “రేపు కూడా ఇంతే అయితే ఆదివారం దాకా ఫోన్ నా దగ్గరుంటుంది.” ఇది రెండోది. అప్పటికీ వినకపోతే చెప్పినంతే చేయండి. ఆదివారం అన్నది నెలాఖరు కాకూడదు, అమ్మమ్మ బతిమాలిందని శుక్రవారమూ కాకూడదు. ఈ లెక్క ముందుగా భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుని ఉండాలి. ఒకరు కట్టడి చేస్తే ఇంకొకరు సడలించే ఇంట్లో పిల్లలు మాట వినడం మానేసి, సందు వెతుక్కుంటారు.

ధవళేశ్వరంలో నీరు పెరిగిందంటే వాన అక్కడే పడిందని కాదు. అందుకే మనం ముందు ఎగువనున్న భద్రాచలం వైపు చూస్తాం. అక్కడ 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మన కోపానికీ ఎగువ ఉంటుంది. రొయ్యల చెరువుకు వైట్ స్పాట్ తెగులు వచ్చి ఉంటుంది. అమ్మిన ధాన్యం డబ్బు ఇంకా పడి ఉండదు. ఆఫీసులో ఎవరో మాట అని ఉంటారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒక్కసారి ఆలోచించండి: ఈ కోపం పిల్లవాడి మీదేనా? కాదనిపిస్తే దాచనక్కర్లేదు. “చెరువు దెబ్బతిందిరా, మనసేం బాగాలేదు. భోజనాలయ్యాక మాట్లాడుకుందాం” అంటే పదేళ్ళ పిల్లకైనా అర్థమవుతుంది.

కోనసీమలో ఎన్నో ఇళ్ళలో తండ్రి కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, ఖతార్‌లోనో ఉంటాడు. సెలవురోజు వీడియో కాల్‌లో మొదటి ప్రశ్నే మార్కుల గురించయితే, పిల్లలు “ఇదిగో అమ్మకిస్తున్నా” అనడం నేర్చుకుంటారు. “కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ఏం కొనుక్కున్నావమ్మా?” అని మొదలుపెట్టి చూడండి. మార్కుల సంగతి వాళ్ళే చెబుతారు. ఇక్కడున్న తల్లులకూ ఒక మాట. “నాన్నగారికి చెప్తానుండు” అని బెదిరిస్తూ పోతే, ఆయన సెలవుకి ఇంటికొచ్చిన నెల్లాళ్ళూ పిల్లలు ఆయన ఎదట పడడానికే జంకుతారు.

మనం బొత్తిగా మరిచేది ఒకటుంది. వరద తగ్గాక హెచ్చరికను ఉపసంహరించుకున్నామని అధికారులు ప్రకటిస్తారు. మనం మాత్రం తిట్టి ఊరుకుంటాం, మూడు రోజులు ముభావంగా తిరుగుతాం. కోపం పోయిందో లేదో పిల్లలకు తెలిసేదెలా? “ఆ సంగతి అయిపోయింది, రా, అన్నం తిందాం” అని పైకి అనండి. మాట తూలి ఉంటే “నేనలా అనకూడదు” అని కూడా అనండి. పెద్దరికం ఎక్కడికీ పోదు. రేపు తమ్ముడితోనో స్నేహితుడితోనో పోట్లాడినప్పుడు మాట ఎలా వెనక్కి తీసుకోవాలో వాళ్ళకు తెలిసి ఉంటుంది.

ఈ అలవాట్లతో తీరని ఇబ్బందులూ ఉంటాయి. ఇంటర్ ఫలితాల రోజుల్లో గానీ, హాస్టల్ నుంచి వచ్చాక గానీ పిల్లలు తిండీ నిద్రా మానేసినా, ఉండి ఏం లాభమన్నట్టు మాట్లాడినా, అది మందలించే సమయం కాదు. ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చోండి, వినండి, డాక్టరుకు చూపించండి. 14416 నంబరుకు చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ సలహాదారులు ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మిగిలిన రోజుల్లో ఇవన్నీ ఒక్కసారే మొదలుపెట్టాలనుకోకండి. మీ ఇంట్లో తరచూ గొడవకు దారితీసే విషయం ఏదో ఒకటి తీసుకోండి. కోపం లేని పూట చూసి పిల్లల్నే అడగండి: “ఇందులో నీకు ఎక్కడ కష్టంగా ఉంది?” వాళ్ళు చెప్పే మొదటి జవాబు మీకు నచ్చకపోవచ్చు. అడ్డుపడకుండా వినండి. ఇంకో జవాబు ఉంటే అది ఆ తర్వాతే వస్తుంది.