బెల్లాన్ని బంగారం అని ఎందుకంటారు? రోజువారీ చిన్న క్షణాల్లో దైవం



"రోజూ ఒకేలా గడుస్తోంది. లేవడం, ఆఫీసు, ట్రాఫిక్, ఫోన్, నిద్ర. ఇందులో భక్తికి చోటెక్కడ? తీర్థయాత్రకి వెళ్తే మనసు బాగుంటుంది, తిరిగొచ్చిన రెండో రోజుకే మళ్ళీ మామూలే." మనలో చాలామందికి ఉండే బాధ ఇది. ఈ రోజు పాఠం దీని గురించే. ఇందుకోసం మిమ్మల్ని మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ వైపు తీసుకెళ్తాను.

నర్సంపేట దాటి పాఖాల అడవి గుండా వెళ్తే వస్తుంది కొత్తగూడ. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. చుట్టూ కోయ గూడేలు. దగ్గర్లోనే ఉంది పూనుగొండ్ల. ఇది ఒకప్పుడు కొత్తగూడ మండలంలోదే, ఇప్పుడు గంగారం మండలంలో ఉంది. మేడారం సమ్మక్క తల్లి భర్త పగిడిద్దరాజు ఊరు ఇదే. జాతర వచ్చిందంటే ఇక్కడి కోయ పూజారులు పగిడిద్దరాజును తీసుకుని అడవి దారిన నడిచి మేడారం చేరుకుంటారు.

బంగారం అంటే బెల్లం

మేడారంలో పెద్ద గోపురం లేదు, గర్భగుడి లేదు, చెక్కిన విగ్రహం లేదు. గద్దెలు, వెదురు కర్ర, కుంకుమ భరిణె, అంతే. కాకతీయులతో పోరాడి గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోయిందనీ, వెతికితే కుంకుమ భరిణె దొరికిందనీ అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. కోట్ల మంది కదిలి వచ్చే జాతరకి మూలం చేతిలో పట్టే ఒక చిన్న భరిణె!

ఇక మొక్కు చూడండి. తల్లికి ఇచ్చేది 'బంగారం'. అంటే బెల్లం. మొక్కు పెద్దదైతే మనిషి తక్కెడలో కూర్చుంటాడు, అంత బరువు బెల్లం తూచి ఇస్తారు. దాన్నే నిలువెత్తు బంగారం అంటారు. తర్వాత అదే బెల్లం ప్రసాదంగా ఇంటికొస్తుంది, ఇరుగుపొరుగుకి చేరుతుంది.

బెల్లం వంటింటి సరుకు. టీలో వేసుకుంటాం, పరమాన్నంలో వేసుకుంటాం. అదే బెల్లం అమ్మకి ఇస్తున్నాం అనుకోగానే బంగారం అయిపోయింది. వస్తువు మారలేదు, ధర మారలేదు. ఎవరికోసం పట్టుకున్నామో అది మారింది. నాకు అర్థమైనంత వరకు ఈ రోజు పాఠమంతా ఇదే.

జాతర నాలుగు రోజులు, మరి మిగతావి?

మేడారం మహాజాతర రెండేళ్ళకోసారి, మాఘ పౌర్ణమి రోజుల్లో, నాలుగు రోజులు జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. ఆ తర్వాతిది 2026 జనవరి 28 నుంచి 31 వరకు. మధ్యలో దాదాపు 700 రోజులు! ఆ 700 రోజులు కోయ ఇంట్లో దైవం ఎక్కడ ఉంటుంది?

పొలంలో, వంటింట్లో ఉంటుంది. కోయవాళ్ళకి 'కొత్తల' పండుగలు ఉన్నాయి. కొత్త పంట చేతికొస్తే ముందు దేవతకి, పెద్దలకి పెట్టాలి. ఆ తర్వాతే ఇంట్లో తినాలి. చిక్కుడుకాయకి కూడా ఒక పండుగ ఉందంటే చూడండి!

ఓసారి అటు వెళ్ళినప్పుడు ఒక ఇంటి పందిరి నిండా చిక్కుళ్ళు కనిపించాయి. "ఇన్ని కాసినయి కదా పెద్దమ్మా, కూర వండలేదా?" అని అడిగాను. ఆవిడ నవ్వింది. "ఇంకా కొత్త కాలేదు బిడ్డా. అమ్మకు పెట్టంది మనమెట్ల తింటం?"

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అది కోయల ఆచారం, వాళ్ళ తరతరాల సొత్తు. మనం దాన్ని కాపీ కొట్టాల్సిన పని లేదు. నేర్చుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. చేతికి అందింది కదా అని వెంటనే నోట్లో వేసుకోకుండా ఒక్క క్షణం ఆగడం. ఇది నాకు ఇవ్వబడింది అని గుర్తు చేసుకోవడం. మనకి పది నిమిషాల్లో ఇంటికొచ్చే కూరగాయల్లో పోయింది ఆ ఒక్క క్షణమే.

మన శాస్త్రం ఏమంటోంది?

భగవద్గీత 9వ అధ్యాయంలో 26వ శ్లోకం మనందరికీ తెలుసు. ఆకో, పువ్వో, పండో, కాసిన్ని నీళ్ళో భక్తితో ఇస్తే స్వీకరిస్తానంటాడు కృష్ణుడు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. దాని తర్వాతి శ్లోకం ఇంకా పెద్ద మాట చెబుతుంది. నువ్వు చేసే పని, తినే తిండి, ఇచ్చే దానం అన్నీ నాకే అర్పించు అంటాడు. అంటే పూజ గది బయట ఉన్న రోజంతా కూడా పూజే కావచ్చు.

మహాభారతం వనపర్వంలో కౌశికుడి కథ ఉంది. తపస్సు చేసిన బ్రాహ్మణుడు. కోపంగా చూస్తే కొంగ కాలి పడిపోయింది. ఆ గర్వంతో ఒక ఇంటికి భిక్షకి వెళ్ళాడు. ఇల్లాలు భర్తకి సేవ చేస్తూ ఆలస్యం చేసింది. కోప్పడితే, "నేను కొంగను కాదు" అన్న అర్థంలో జవాబిచ్చింది! అడవిలో జరిగింది ఆమెకెలా తెలిసింది? ఆమె అతన్ని మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గరికి పంపింది. అతను తన ముసలి తల్లిదండ్రులను చూపించి, నా దేవుళ్ళు వీళ్ళే అన్నాడు. వంటిల్లు, అంగడి, అమ్మానాన్నల సేవ. తపస్సుకి అందనిది అక్కడ దొరికింది.

చిన్నదే మిగిలినప్పుడు

ఇదంతా వినడానికి బాగుంటుంది, కష్టంలో పనికొస్తుందా అని మీరు అడగొచ్చు. కొన్నేళ్ళ కిందట నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. వైద్యం డాక్టర్ల చేతిలో, ఫలితం దేవుడి చేతిలో. నా చేతిలో ఉన్నది ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా. పెదవులు ఎండినప్పుడల్లా రెండు చెంచాల నీళ్ళు పట్టడం, అంతే. ఆ వారమంతా స్తోత్రం గుర్తురాలేదు, జపం సాగలేదు. గీతలో చెప్పిన ఆ 'కాసిన్ని నీళ్ళు' అంటే ఏమిటో మాత్రం అప్పుడే అర్థమైంది. భయం పోలేదు. కానీ చేతులు వణకడం తగ్గింది.

చిన్న క్షణంలో అర్థం వెతకడం అంటే ప్రతి దాంట్లో సంతోషం వెతకడం కాదు. అంట్లు తోమడం విసుగ్గానే ఉండొచ్చు. అది ఎవరికోసమో గుర్తుంటే చాలు.

ఈ వారం సాధన

1. మొదటి ముద్ద: రోజుకి ఒక్క పూటైనా ఫోన్ పక్కన పెట్టి, మొదటి ముద్ద మనసులో అర్పించి తినండి. ఐదు సెకన్లు పడుతుంది.

2. ఒక పని, ఒక పేరు: రోజూ చేసే పని ఒకటి ఎంచుకోండి. వాటర్ బాటిల్ నింపడం, బట్టలు మడతపెట్టడం, ఏదైనా సరే. మొదలుపెట్టే ముందు మీ ఇష్టదైవం పేరు ఒక్కసారి తలచుకోండి.

3. ఒక ఫోన్ కాల్: ఊళ్ళో ఉన్న అమ్మమ్మకో నానమ్మకో చేయండి. "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది. రోజూ అదే ప్రశ్న. ఈసారి తొందరపడకుండా ఏం తిన్నారో చెప్పి, ఆవిడ ఏం తిన్నదో అడగండి.

జాతరకి తప్పకుండా వెళ్దాం, గద్దెల దగ్గర బంగారం సమర్పిద్దాం. అప్పటిదాకా మన వంటింటి డబ్బాలో బెల్లం ఉంది కదా, దానితో మొదలుపెడదాం.

సర్వేజనాః సుఖినోభవంతు.