కాపీ సగంలో ఆగిపోయిందా? ముందు మెమరీ కార్డును పక్కన పెట్టండి



వేసవి సెలవుల్లో చాలా ఇళ్లలో ఒక పని జరుగుతుంది. ఏడాదంతా ఫోన్లలో, కెమెరా కార్డుల్లో పేరుకుపోయిన యాన్యువల్ డే వీడియోలు, పుట్టినరోజు ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ ఒక చోట సర్దుకోవడం. ఫైబర్ ఇంటర్నెట్ వచ్చాక కాగజ్‌నగర్ లాంటి ఊళ్లలో కూడా ఇంట్లో అందరూ కలిసి వాడుకునే హార్డ్‌డిస్క్ పెట్టుకుంటున్నవారు కనిపిస్తున్నారు. కొందరు రౌటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకే పోర్టబుల్ డిస్క్ తగిలిస్తారు. ఇంకొందరు సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల డబ్బా కొంటారు. దీన్ని నాస్ అంటారు. ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి వాడుకునే స్టోరేజీ అన్నమాట.

పెట్టుకున్నాక వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది. కాపీ జోరుగా మొదలవుతుంది, సగం దాకా వెళ్తుంది, ఆ తర్వాత పచ్చ గీత కదలదు. క్యాన్సిల్ నొక్కినా పోదు.

ఆ నిమిషంలో మన చేతులు రెండు పనులకు తొందరపడతాయి. ఒకటి, డబ్బా ప్లగ్ పీకి మళ్లీ పెట్టడం. డిస్క్ మీద ఇంకా రాయాల్సిన డేటాను డబ్బా కాసేపు తన ర్యామ్‌లో ఉంచుకుంటుంది. ప్లగ్ పీకితే ఆ భాగం పోతుంది, ఒక్కోసారి డిస్క్‌లోని ఫైళ్ల పట్టిక కూడా చెడుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. కార్డు నిండిపోయిందని కాపీకి బదులు కట్-పేస్ట్ చేయడం, లేదా 'సగం వెళ్లిపోయింది కదా' అని ఫోన్లో ఫొటోలు డిలీట్ చేయడం. ఆగిపోయిన కాపీలో ఏది పూర్తిగా చేరిందో, ఏది సగంలో ఉందో పైకి కనిపించదు. ఫైలు పేరు కనిపిస్తుంది, తెరిస్తే సగం ఫొటో బూడిద రంగులో ఉంటుంది. ఆదాయం సర్టిఫికెట్టో, కులం సర్టిఫికెట్టో పోతే మీసేవకు వెళ్లి మళ్లీ తీసుకోవచ్చు. పాప ఎల్‌కేజీ మొదటి రోజు ఫొటో ఏ సెంటర్‌లోనూ దొరకదు.

అందుకే ముందుగా మెమరీ కార్డును తీసి, దాని పక్కన ఉండే చిన్న లాక్ మీటను కిందికి జరిపి, అలమారలో పెట్టేయండి. కారణం తేలేదాకా అందులో ఏదీ చెరపొద్దు. పరీక్షలకు వేరే ఫైళ్లు, అంటే పోయినా పర్వాలేని సినిమానో మరోటో వాడండి.

ఆగింది ఎక్కడ?

మిల్లులో పనిచేసే పేరెంట్స్‌కు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. పల్పు రావడం ఆగినా, డ్రయ్యర్ దగ్గర షీటు తెగినా, చివర రీలు మీద కాగితం చుట్టుకోవడం ఆగుతుంది. రీలు దగ్గర నిలబడి చూసే మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్ తెర మీద పచ్చ గీత కూడా ఆ రీలు లాంటిదే. ఆగిందని చెబుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. ల్యాప్‌టాప్, వైఫై లేదా కేబుల్, నాస్ డబ్బా, అందులోని డిస్క్ అని దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి. వాటిలో ఏది ఆగిందో పట్టుకోవడమే అసలు పని.

ఎనిమిదో తరగతి పైన చదివే పిల్లలుంటే ఈ పని వాళ్లకే అప్పగించండి. సైన్స్ ల్యాబ్‌లో నేర్పే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: ఒకసారికి ఒక్క మార్పు చేయాలి, ఫలితం నోట్‌బుక్‌లో రాయాలి. కేబుల్, పోర్టు, చార్జర్ మూడూ ఒకేసారి మార్చేస్తే సమస్య పోవచ్చు కానీ కారణం తెలియదు. రెండు వారాల తర్వాత అదే సమస్య తిరిగొస్తుంది.

మొదటి పరీక్ష. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి డబ్బా ఐపీ అడ్రస్ (ఉదాహరణకు 192.168.1.20), మళ్లీ స్పేస్ ఇచ్చి హైఫన్, టీ కొట్టండి. ఆ అడ్రస్ రౌటర్ పేజీలోని డివైజ్‌ల జాబితాలో దొరుకుతుంది. ఇలాంటిదే ఇంకో కిటికీ తెరిచి రౌటర్ అడ్రస్‌కు కూడా పింగ్ పెట్టండి. ఇప్పుడు పెద్ద ఫైలు ఒకటి కాపీకి పెట్టి, గీత ఆగినప్పుడు ఈ రెండు కిటికీలు చూడండి.

గీత ఆగినా రెండు చోట్ల నుంచీ జవాబులు ఎప్పటిలా కొద్ది మిల్లీసెకన్లలో వస్తుంటే దారి బాగుంది. అప్పుడు డిస్క్ మీద గానీ, పని ఎక్కువైపోయిన డబ్బా మీద గానీ అనుమానం పెట్టుకోవాలి. రౌటర్ జవాబిస్తూ డబ్బా ఒక్కటే మౌనంగా ఉంటే డబ్బా హ్యాంగ్ అయినా అయి ఉండాలి, కరెంటు తేడాకు రీస్టార్ట్ అయినా అయి ఉండాలి, దాని కేబుల్ అయినా తెగి ఉండాలి. రెండూ మౌనంగా ఉంటే ఎక్కువసార్లు అది ల్యాప్‌టాప్ వైఫై సమస్యే. డిస్క్ రౌటర్‌కే తగిలించి ఉంటే అదే సమయంలో ఫోన్లో ఇంటర్నెట్ వస్తోందా అని చూడండి. అదీ పోయిందంటే రౌటరే చేతులెత్తేసింది. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే చిన్న రౌటర్‌లో ర్యామ్, ప్రాసెసర్ రెండూ తక్కువే. గంటల కొద్దీ ఫైళ్లు మోయడానికి చేసిన వస్తువు కాదది.

దారి సంగతి

దారిలో సమస్య ఉందని తేలితే ఎక్కువ ఆలోచించకుండా మొదట వైఫై మానేసి, ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని మా అభిప్రాయం. కేబుల్ పెట్టాక నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. లాన్ కేబుల్‌లో 8 తీగలుంటాయి. 1000 మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి, 100కు నాలుగు చాలు. ఎలుక కొరికినా, చివర క్లిప్పు సరిగా బిగించకపోయినా వేగం 100కు పడిపోతుంది. తీగ ఒకసారి తగులుతూ ఒకసారి వదులుతూ ఉంటే లింకు తెగి కలుస్తూ కాపీ ఆగిపోతుంది.

ఇక్కడ పిల్లలకు ఒక చిన్న లెక్క. 8 బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్లంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, ఆచరణలో 11 వరకు వస్తాయి. 64 జీబీ కార్డు నిండా ఉంటే ఈ వేగంలో గంటన్నర దాటుతుంది. 1000 మెగాబిట్ల లింకు, దాన్ని అందుకోగల డిస్క్ ఉంటే పది నిమిషాల పని. అంటే కొన్నిసార్లు 'ఆగిపోయింది' అనుకున్నది ఆగలేదు, నెమ్మదిగా నడుస్తోంది. వాట్సాప్ ఫోల్డర్ లాంటి వేల చిన్న ఫైళ్ల విషయంలో ఇంకా ఎక్కువ. ప్రతి ఫైలుకూ తెరవడం, రాయడం, మూయడం ఉంటుంది. వాటిని ముందు ఒకే జిప్ ఫైలుగా చేసి పంపితే తేడా తెలుస్తుంది.

ఇంకొక విచిత్రం. యూఎస్‌బీ 3.0 డిస్కులు, వాటి కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డుపడే రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. డిస్క్‌ను రౌటర్ యాంటెన్నాకు ఆనించి పెట్టినవారు కాపీ మొదలుకాగానే వైఫై పోతోందని అంటుంటే కారణం ఇదే కావచ్చు. డిస్క్‌ను ఒక మీటరు దూరం జరపండి, లేదా 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి.

డిస్క్ సంగతి

పింగ్ బాగుండి, గీత మాత్రం ఆగుతుంటే ఎలా ఆగుతోందో గమనించండి. ఆగే తీరులోనే జవాబు ఉంటుంది.

మొదట చాలా వేగంగా వెళ్లి, కొన్ని జీబీల తర్వాత సున్నాకు పడి, కాసేపటికి దానంతట అదే లేచి, మళ్లీ పడుతోందా? అయితే డిస్క్ పాడవ్వకపోవచ్చు, దాని రకమే అంత. పల్లెల్లో గూన పెంకుల ఇళ్లు చూసే ఉంటారు. ఒక వరుస పెంకు అంచు మీద పక్క వరుస పెంకు ఎక్కి ఉంటుంది. మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే దాని మీదున్నవన్నీ లేపి మళ్లీ పేర్చాలి. ఎస్ఎంఆర్ అనే రకం డిస్కుల్లో డేటా వరుసలు అలాగే ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది. కానీ ఒక చోట మార్చాలంటే పక్క వరుసలన్నీ తిరగరాయాలి. అందుకని డిస్క్ కొత్త డేటాను ముందు ఒక ఖాళీ భాగంలో గబగబా దించుకుంటుంది. అది నిండిపోతే సర్దుకునేదాకా కొత్తది తీసుకోదు. ఆ సర్దుబాటే మనకు ఫ్రీజ్‌లా కనిపిస్తుంది. వరుసలు విడివిడిగా ఉండే పాత పద్ధతిని సీఎంఆర్ అంటారు.

కొనేటప్పుడు ఇది తెలుసుకోవడం అంత తేలిక కాదు. నాస్ కోసమే అని అమ్మిన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టెరాబైట్ల వాటిలో కొన్నింటికి ఎస్ఎంఆర్ వాడినట్టు వెస్ట్రన్ డిజిటల్ 2020 ఏప్రిల్‌లో బయటపెట్టింది. కొన్నవారు గొడవ చేశాక పేర్లు విడదీసింది. రెడ్ అంటే ఎస్ఎంఆర్, రెడ్ ప్లస్, రెడ్ ప్రో అంటే సీఎంఆర్. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ రకం సీఎంఆర్. షాపుల్లో దొరికే చిన్న పోర్టబుల్ డిస్కుల్లో చాలావరకు ఎస్ఎంఆరే. మీది ఎస్ఎంఆర్ అయితే పారేయక్కర్లేదు. ఒకేసారి 200 జీబీ కాకుండా 15, 20 జీబీల చొప్పున పంపి, మధ్యలో అరగంట విడిచిపెట్టండి. రెండు డిస్కులు కలిపి వాడే రెయిడ్ పద్ధతిలో మాత్రం దాన్ని పెట్టొద్దు.

ఇక రెండో తీరు. ప్రతిసారీ అదే ఫైలు దగ్గర ఆగుతోందా? ముందు ఆ ఫైలు సైజు చూడండి. డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. యాన్యువల్ డే వీడియోలు తరచుగా ఇక్కడే తగులుకుంటాయి. సైజు చిన్నదే అయితే, ముఖ్యంగా నాస్‌లో నుంచి ఫైళ్లు బయటికి తీసేటప్పుడు అలా ఆగుతుంటే, డిస్క్‌లో ఆ చోటు దెబ్బతిని ఉండొచ్చు. చదవలేని చోటు తగిలితే మామూలు డిస్క్ పదే పదే ప్రయత్నిస్తూ చాలాసేపు పలకదు. నాస్ డిస్కులు మాత్రం సుమారు 7 సెకన్లలో వదిలేసేలా చేసి ఉంటాయి.

నాస్ సెట్టింగ్స్‌లో స్మార్ట్ రిపోర్ట్ అని ఉంటుంది. పోర్టబుల్ డిస్క్ అయితే ల్యాప్‌టాప్‌కు తగిలించి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో చూడొచ్చు. అందులో 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197వ నంబరు పెండింగ్ సెక్టార్లు. అసలు విలువలు సున్నా ఉండాలి. 197లో సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే, లేదా 5వది వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్క్ మీద ఇక రిపేర్ ప్రయోగాలు వద్దు. చెక్‌డిస్క్ కూడా వద్దు, అది బలహీనమైన డిస్క్‌ను ఇంకా శ్రమపెడుతుంది. వేరే డిస్క్ తెచ్చి, ఇంకెక్కడా కాపీ లేని ఫొటోలను ముందు, సినిమాలను ఆఖరున బయటికి తీయండి. టక్ టక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేసి డేటా రికవరీ తెలిసినవారికి చూపించండి.

కరెంటు, ఎండ

టక్ మన్న ప్రతి చప్పుడూ డిస్క్ చావు కాదు. రౌటర్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించిన డిస్క్ కరెంటు చాలక కూడా ఆగి ఆగి తిరుగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు అంతకన్నా ఎక్కువ అడగొచ్చు. అదే డిస్క్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే నిశ్శబ్దంగా నడుస్తోందంటే లోపం కరెంటుదే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెడితే సరిపోతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారే ఆ రెప్పపాటు కూడా ముఖ్యం. ఫ్యాను ఆ తేడా గమనించదు, నాస్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకు నార్మల్ లేదా ఎకో, యూపీఎస్ అని రెండు మోడ్‌లు మార్చే స్విచ్ ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే మార్పు త్వరగా జరుగుతుంది. డబ్బాకు చిన్న యూపీఎస్ విడిగా కొంటే ఇంకా మంచిది. డిస్కుల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది పెద్దది కాదు.

మన జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కూలర్ గాలి తగలని గదిలో, తలుపు మూసిన టీవీ అలమారలో, సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టిన డబ్బా మధ్యాహ్నం ఎంత వేడెక్కుతుందో చేయి పెడితే తెలుస్తుంది. స్మార్ట్ రిపోర్ట్‌లో డిస్క్ ఉష్ణోగ్రత కూడా ఉంటుంది. 50 దాటుతుంటే డబ్బాను బయట పెట్టండి, పెద్ద కాపీలు తెల్లవారుజామున చేయండి. అలాగని కూలర్ ఎదురుగా పెట్టొద్దు, తడి గాలి దానికి పడదు.

అన్నీ సరిచేశాక

కారణం తేలాక అలమారలో నుంచి కార్డు తీయండి. కాపీ మొదలుపెట్టే ముందు నాస్‌లో ఫొటోల థంబ్‌నెయిల్స్ తయారీ, ముఖాల గుర్తింపు లాంటి పనులు ఆపి ఉంచండి. తక్కువ ర్యామ్ ఉన్న డబ్బాలు వాటితోనే సతమతమవుతాయి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి. నెలల వారీగా ఫోల్డర్లు చేసి ఒక్కొక్కటే కాపీ చేయండి. పాత సగం కాపీ అక్కడే ఉంటే దాని మీద రాయకుండా కొత్త ఫోల్డర్‌లోకి పంపండి.

ఒక్కో ఫోల్డర్ పూర్తయ్యాక రెండు వైపులా కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయా అని పిల్లల చేత చదివించండి. పెద్ద వీడియోలను చివరి నిమిషం దగ్గర తెరిచి చూడండి. అదే డేటా ఇంకో డిస్క్‌లోకి కూడా వెళ్లాలి. నాస్‌లో రెండు డిస్కులు జతగా ఉన్నా అది రెండో కాపీ లెక్కలోకి రాదు. పొరపాటున డిలీట్ చేస్తే రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. ఆ రెండో డిస్క్ అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నా పర్వాలేదు. పనిలో పనిగా బాగున్న ఒక యాభై ఫొటోలు ప్రింట్ తీయించి ఆల్బమ్‌లో పెట్టుకున్నా బాగుంటుంది, కాగితం పేరు పెట్టుకున్న ఊరు మనది.

రెండో కాపీ కూడా సరిచూసుకున్న రోజున మెమరీ కార్డు లాక్ మీటను పైకి జరిపి, ఫార్మాట్ కెమెరాలోనే చేసుకోండి.