నలుగురిలో నోరు పెగలదు, పేరెలా వస్తుంది?

ప్రశ్న: నెల్లిమర్లలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పనికి వంక పెట్టినవాళ్లు లేరు. మీటింగ్‌లో మాత్రం నోరు పెగలదు. నా వెనకొచ్చినవాళ్లకే పేరొస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: ఈ సోదరికి దారి చూపే కథ ఆమె వృత్తిలోనే ఉంది. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి 1925లో హార్వర్డ్ నుంచి ఒక పద్ధతి వచ్చింది. నమూనాకు మాలిబ్డేట్, ఆపై మరో రసాయనం కలిపితే గొట్టంలో నీలం తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ రెండో పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది.

ఆయన ప్రచారానికి ఆమడ దూరం. తర్వాత లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ పరిశోధనలను నడిపించారు. అయినా 1948లో కన్నుమూసేనాటికి మన ఊళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు అరుదు. ఇది మనసును కలచే అన్యాయం.

అయినా ఆ పద్ధతి మీద ఆయన పేరు నిలిచింది. కాబట్టి గొంతు పెంచక్కర్లేదు గానీ, చేసిన పని మీద పేరుండాలి.

రిపోర్టులో విలువ ప్రమాదకరంగా కనబడితే కాగితం పంపి ఊరుకోకుండా ఆమే డాక్టరుగారికి ఫోన్ చేసి, రిజిస్టర్‌లో టైము వేసి సంతకం పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు మెషిన్ దగ్గర ఒక్కొక్కరికే నేర్పాలి. ఒకరితో మాట్లాడటం గుంపుతో మాట్లాడినంత కష్టం కాదు, ఆమె పేరు నలుగురికీ చెప్పేదీ వాళ్లే. మీటింగ్‌లో చెప్పాల్సింది ముందురోజే ఒక పేజీ రాసి ఇన్‌చార్జికి ఇవ్వాలి. మొదటి పేజీ ఈ వారమే మొదలెట్టొచ్చు: గత నెలలో ఏయే శాంపిళ్లు గడ్డకట్టి మళ్లీ తీయాల్సొచ్చింది, ఎందుకు.