పూర్వకాలపు గడియారములు: వాని పెట్టెలు, వాని నడక

గడియారము అను మాటలోనే గడియ దాగియున్నది. మన పూర్వులు రేయింబవళ్లను కలిపి అరువది గడియలుగా విభజించిరి. అనగా ఒక గడియ మన నేటి లెక్కలో 24 నిమిషములు. అడుగున సన్నని బెజ్జము గల రాగిగిన్నెను నీటిపై నుంచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలమే గడియ. ఆ గిన్నె యిప్పుడు కానరాదు. ఆ లెక్కయు పంచాంగములకును, పెండ్లి ముహూర్తములకును మిగిలినది. పేరు మాత్రము పడమటి దేశములనుండి వచ్చిన చక్రముల యంత్రమునకు సంక్రమించినది. ఆ యంత్రమును గూర్చియే యీ వ్యాసమున ముచ్చటింప దలచితిమి.

మా మీర్‌పేటనుండి దిల్‌సుఖ్‌నగరు, మలక్‌పేటల మీదుగా పోయినచో మూసీనది దక్షిణపు గట్టున, దారుల్‌షిఫాయందు, సాలార్‌జంగు మ్యూజియము కలదు. మూడవ సాలార్‌జంగు అగు మీర్ యూసుఫ్ అలీఖాను గారు (1889–1949) తమ జీవితమంతయు వెచ్చించి కూర్చిన వస్తువులును, వారి పెద్దలనుండి సంక్రమించినవియు అందు భద్రపరచబడినవి. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీయందు పండిత నెహ్రూగారిచే తెరువబడి, 1968లో నేటి భవనమునకు మార్చబడినది. మన విద్యార్థులలో ఆ మ్యూజియమును చూడనివారు అరుదు. చూచినవారిలో అచ్చటి సంగీత గడియారమును మరచినవారు అంతకంటె అరుదు. కుక్ అండ్ కెల్వీ అను కలకత్తా వర్తకుల పేరుగల ఆ గడియారమున ఒక కమ్మరి సెకను సెకనునకు సుత్తి నెత్తి కొట్టుచుండును. గంట యగుటకు కొన్ని నిమిషములు ముందుగా గడ్డపు కావలివాడు తలుపు తెరచుకొని వెలుపలికి వచ్చి, గంట యెంతయో అన్ని దెబ్బలు కొట్టి, మరల లోనికి పోవును. పండ్రెండు గంటలవేళ దానియెదుట కూర్చుండ చోటు దొరకుట కష్టము.

పండ్రెండవ దెబ్బతో జనము లేచిపోవుదురు. అదే మ్యూజియమున ఫ్రాన్సు, ఇంగ్లాండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలండు దేశముల గడియారము లెన్నియో కలవు. మనిషికంటె పొడవైనవి కొన్ని, భూతద్దముతో చూడవలసినంత చిన్నవి కొన్ని. వీనియెదుట నిలుచువారు తక్కువ. బొమ్మ లేదు గదా! అయినను ఒక గడియారము నిలువెత్తు పెట్టెలో ఏల యున్నది, మరియొకటి జానెడు పెట్టెలో ఏల యిమిడినది అని అడిగినవారికి అచ్చట గొప్ప పాఠము దొరకును. ఆ పాఠము తెలియకపోవుటచేతనే మన ఇండ్లలోని పాతగడియారములు అనేకము “సరిగా నడువదు” అను నిందపడి తూకమునకు అమ్మబడుచున్నవి.

ఏ గడియారమునకైనను మూడు పనులు చేయు అంగములు కావలెను. త్రిప్పు బలము ఒకటి; ఆ బలము ఒక్క పెట్టున వ్యయము కాకుండ పంటిచక్రమును ఒక్కొక్క పన్నుగా విడుచు కొక్కెము రెండవది; ఎప్పుడు విడువవలెనో కొక్కెమునకు తెలుపు తాళము మూడవది. ఈ తాళము వేయుటకు లోలకమును మించినది లేదని కనుగొన్నవాడు హాలండు దేశస్థుడగు హైగెన్సు. లోలకము కొంచెము ఎక్కువ ఊగినను తక్కువ ఊగినను ఒక్కొక్క ఊపునకు పట్టుకాలము ఇంచుమించు ఒక్కటే యని అంతకుముందే గెలీలియో గమనించియుండెను. ఆ గుణమును చక్రములకు జతపరచి 1656లో హైగెన్సు లోలకపు గడియారమును కల్పించెను. అంతవరకు దినమునకు పావుగంట తప్పిపోవుట సామాన్యముగా నుండిన గడియారములు అటుపిమ్మట నిమిషములోపలనే తప్పసాగెను.

విద్యార్థులు ఇంటియందే పరీక్షింపవచ్చును. ఒక దారమునకు చిన్నరాతిని కట్టి, వ్రేలాడు చోటునుండి రాతి నడిమివరకు 99 సెంటీమీటర్లు ఉండునట్లు కొలిచి మెల్లగా ఊపుడు. ఈ కొసనుండి ఆ కొసకు పోవుటకు ఒక సెకను పట్టును. దారమును నాలుగవ వంతు చేసినచో అరసెకను పట్టును. రాయి పెద్దదైనను చిన్నదైనను భేదము లేదు. తాళమును నిర్ణయించునది బరువు కాదు, పొడవు.

నిలువుపెట్టె గడియారము పుట్టుక కిదియే కారణము. మొదటి గడియారములలోని కొక్కెము పనిచేయవలెనన్న లోలకము మిక్కిలి వెడల్పుగా ఊగవలసియుండెను. అంత వెడల్పున రెండు మూరలకు మించిన లోలకమును ఊపుటకు ఏ పెట్టెయు చాలదు. 1670 ప్రాంతమున ఇంగ్లాండులో లంగరు ఆకారముగల క్రొత్త కొక్కెము వాడుకలోనికి వచ్చెను. దీనికి లోలకము కొద్ది డిగ్రీలు ఊగిన చాలును. కావున సెకను సెకనునకు కొట్టు పొడవైన లోలకము సన్నని పెట్టెలో ఇమిడెను. దానిప్రక్కనే గొలుసునకో నరపు త్రాటికో కట్టిన సీసపు గుండు దిగజారుచు చక్రములను త్రిప్పును. ఎనిమిది దినములకు ఒకసారి కీ యిచ్చు గడియారమున అయిదారు కిలోల గుండు ఒకటిన్నర మీటరు దిగుసరికి లోలకము ఆరు లక్షల తొంబదియొక వేయి సార్లకు పైగా కొట్టును. అంత చిన్న బరువు అంత పని చేయుట ఆశ్చర్యముగదా! దీనిని తాతగారి గడియారమని పిలుచుట చాల తరువాతి మాట. 1876లో అమెరికాలో వెలువడిన యొక పాటవలన ఆ పేరు లోకమున వ్యాపించినది. అంతకుముందు రెండువందల యేండ్లు అది వట్టి నిలువు గడియారమే.

ఇచ్చట చదువరులు కొంత నిలిచి ఆలోచింపవలెను. లండనులో సరిగా సర్దిన నిలువు గడియారమును ఓడపై తెచ్చి, ఏమాత్రము చెరుపక హైదరాబాదులో నిలిపిన నేమగును? దినమునకు సుమారు రెండు నిమిషములు వెనుకబడును. నెలకు గంట! కొన్న దొర వర్తకుని నిందించును. వర్తకుడు ఓడను నిందించును. తప్పు మువ్వురిదియు కాదు. లోలకమును క్రిందికి లాగునది భూమి. భూమి తన చుట్టు తాను తిరుగుచు నడుమ కొంచె ముబ్బియుండుటచేత భూమధ్యరేఖకు దగ్గరగు కొలది ఆ లాగు బలము తగ్గును. లండను ఉత్తరమున 51 డిగ్రీలకు పైని, మన నగరము 17 డిగ్రీలకు పైని ఉన్నవి. ఇదిగాక మనము సముద్రమట్టమునకు అయిదువందల మీటర్ల యెత్తున నున్నాము. దానివలన మరి ఆరేడు సెకన్లు. లాగు బలము తగ్గగా లోలకము మందగించును.

ఇది మా ఊహ కాదు. 1672లో జీన్ రీషే అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పారిసునుండి దక్షిణ అమెరికాలోని కయెన్ను పట్టణమునకు పోయి, తన లోలకపు గడియారము దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడుట కనుగొనెను. లోలకమును కొంచెము పొట్టిచేసినగాని అది సరిపడలేదు. పారిసులోని కొందరు పండితులు అతని పనితనమును శంకించిరి. కాని 1687లో ప్రకటించిన తన మహాగ్రంథమున న్యూటను ఆ రెండున్నర నిమిషములనే సాక్ష్యముగా గైకొని భూమి గుండ్రని బంతి కాదనియు, ధ్రువములకడ అణగియున్నదనియు వాదించెను. వెనుకబడిన గడియారమొకటి భూమి ఆకారమును చెప్పినదన్నమాట! నిలువు గడియారము కాలమునే కాదు, తాను నిలిచిన నేలను గూడ కొలుచుచుండును. ఏ ఊరిలో నిలిపిన ఆ ఊరికి సర్దవలసినదే.

సర్దుట కష్టము కాదు. లోలకపు గుండు క్రింద చిన్న మర యుండును. దానిని బిగించిన గుండు పైకెక్కి నడక వేగిరపడును. వదులుచేసిన గుండు దిగి నడక మందగించును. లండను గడియారము హైదరాబాదునకు సరిపడవలెనన్న గుండును మూడు మిల్లీమీటర్లు ఎత్తిన చాలును. ఒక్క మిల్లీమీటరు దినమునకు నలుబదిమూడు సెకన్లు మార్చును. కావున మరను సగము చుట్టు త్రిప్పి, ఒక దినము ఊరకుండి, అటుపిమ్మట చూడవలెను. గంట కొకసారి త్రిప్పువారికి అది ఎన్నడును సరిపడదు.

ఎండకాలపు సంగతియు ఇట్టిదే. ఇత్తడి కడ్డీ వేడికి సాగును. జనవరికంటె మే మాసమున ఇల్లు పది డిగ్రీలు వేడియైనచో ఇత్తడి లోలకము దినమునకు ఎనిమిది సెకన్లు, అనగా వారమునకు ఇంచుమించు నిమిషము, వెనుకబడును. ఉక్కు కొంత మేలు. బాగుగా ఆరిన కొయ్య అంతకంటె మేలు. ఇది వినువారికి వింతగా తోచును. 18వ శతాబ్దపు మొదటి ముప్పది యేండ్లలో లండనులో జార్జి గ్రహాము గుండునకు మారుగా పాదరసపు గాజుపాత్రను వ్రేలాడదీసెను. కడ్డీ క్రిందికి సాగినంత పాదరసము పైకి పొంగును. జాను హారిసను ఇత్తడి, ఉక్కు కడ్డీలను ప్రక్కప్రక్కన చేర్చి ఒకదాని సాగుదలతో మరియొకదాని సాగుదలను సరిపుచ్చెను.

నిలువు గడియారమున కున్న లోపము ఒక్కటే: నిలిపినచోటనే యుండవలెను. ఒక గదినుండి మరియొక గదికి ఎత్తుకొనిపోదగిన గడియారము కావలెనన్న వ్రేలాడు గుండ్లు పనికిరావు. కావున వానికి బదులు చుట్టిన ఉక్కు స్ప్రింగును పెట్టి, జానెడు లోలకమును తగిలించి, పైన పిడి యమర్చిరి. ఇదియే బ్రాకెట్టు గడియారము. గోడకు కొట్టిన చిన్న పీటపై నుంచుటచేత ఆ పేరు వచ్చినను బల్లలపై నుంచినవే ఎక్కువ. స్ప్రింగునందు ఒక చిక్కు గలదు: క్రొత్తగా చుట్టినప్పుడు మిక్కిలి బలముగా లాగును, విప్పుకొను కొలది నీరసించును. దీనికి విరుగుడు ఫ్యూజీ యను శంకువువంటి చక్రము. బలము హెచ్చుగానున్నప్పుడు గొలుసు దాని సన్నని కొనను లాగును; తగ్గినప్పుడు లావైన మొదటిని లాగును. లోపలిబలము మారుచున్నను వెలికివచ్చు బలము సమముగా నుండును. మాకు ఈ యొక్క చక్రము ఆ గడియారపు బంగరు నగిషీలన్నిటికంటె అందముగా కనబడును. దీపపు కాలమునాటి కొన్నింటికి త్రాడొకటి వ్రేలాడుచుండెను. చీకటిలో దానిని లాగినచో గడచిన గంటను మరల కొట్టి చెప్పెడిది. మన సంగీత గడియారమును మ్యూజియమువారు ఈ బ్రాకెట్టు జాతిలోనే చేర్చిరి.

మాంటెలు గడియారమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. చలిదేశములలో గోడయందే చలిమంట గూడుండును. దానిపై అరుగే మాంటెలు. 19వ శతాబ్దపు ఫ్రెంచివారు పూతపోసిన కంచుబొమ్మలతోను పాలరాతితోను ఆ అరుగునకై గడియారములు చేసి లోకమంతట అమ్మిరి. మన దేశమునకు గడియారము వచ్చినదిగాని మాంటెలు రాలేదు. మన యెండలకు చలిమంట యెవరికి గావలెను? కావున అవి గాజుబీరువాల మీదను, గోడగూళ్లలోను కుదురుకొనెను.

ప్రయాణపు గడియారము వేరు దారిది. ఊగుచు పోవు బండిలో లోలకము నడువదు. పారిసులో పనిచేసిన బ్రెగే యను నిపుణుడు 1798లో ఇట్టిదొకటి బోనపార్టునకు అమ్మెను. ఆ యేటనే అతడు ఈజిప్టు దండయాత్రకు వెడలెను. తరువాతి కాలమున నాలుగుప్రక్కల గాజుపలకలు, పైన పిడి, నెత్తిమీద కిటికీవలె మరియొక గాజు గల ఇత్తడిపెట్టెగా ఈ గడియారము స్థిరపడెను. ఆ పై గాజుగుండ చూచినచో చిన్నచక్రము ఇటునటు తిరుగుట కనబడును. దానికి తాళము నిచ్చునది వెంట్రుకవంటి స్ప్రింగు, భూమి లాగుదల కాదు. అందుచేత లండనునుండి హైదరాబాదునకు వచ్చినను దీనికి రెండు నిమిషముల నష్టము లేదు.

మన ఇండ్లలో తాతలనాటినుండి యున్నవి ఎక్కువగా జర్మనీ, అమెరికా, జపాను దేశముల గోడ గడియారములు. స్ప్రింగును పొట్టి లోలకమును గలవి గనుక ఇవి బ్రాకెట్టు గడియారమునకు చుట్టములు. అట్టిది ఆగిపోయినచో తూకమువానిని పిలుచుటకు ముందు దాని శబ్దమును వినుడు. టిక్కునకు టక్కునకు నడుమ యెడము సమముగా లేనిచో పెట్టె ఒరిగియున్నదన్నమాట. గోడకు సున్నము వేయునప్పుడు తీసి మరల తగిలించిన గడియారములు చాలవరకు ఇందుచేతనే ఆగును. పెట్టెను కొంచెము కొంచెముగా జరుపుచు శబ్దము సమమైనచోట నిలుపుడు. అయిదు గంటలకు నాలుగు కొట్టుచున్నచో అది చెడినది కాదు. ముల్లునకును గంటకును లెక్క తప్పినది. నిపుణుడు దానిని క్షణములో సరిచేయును. ముల్లును వెనుకకు త్రిప్పరాదు. ముందుకు త్రిప్పునప్పుడు ప్రతి గంటకడ ఆగి, దానిని పూర్తిగా కొట్టనీయవలెను. చక్రములలో కొబ్బరినూనె పోయువారు కలరు. అది గట్టిపడి ధూళితో కలిసి మైనమువలె పట్టుకొనును. మోసుకొనిపోవునప్పుడు లోలకమును విడదీసి వేరుగా చుట్టవలెను. యంత్రమును పెరికివేసి, పెట్టె అందముగా నున్నదని లోపల బ్యాటరీ యంత్రమును పెట్టింప దలచినవారు, ఆ తీసిన యంత్రమును, కీని, లోలకమును ఒక సంచిలో కట్టి పెట్టె యడుగుననే దాచవలెను. ఒకనాడు ఆ ఇంటి బిడ్డ యెవరైనను దానిని మరల నడిపింప గోరవచ్చును. ఆ మూడింటిలో ఏ యొకటి లేకున్నను అది సాధ్యము కాదు.